జనగామ స్టాండులో నా బండేది?

బీటెక్ చదివే మా మేనల్లుడు పార్కింగ్ యాప్ ఒకటి చేస్తున్నాడు. ఎక్కడ జాగా ఖాళీగా ఉందో ఫోన్లో పచ్చ గడి వెలిగి చెప్పాలట. 2011లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎస్‌ఎఫ్‌పార్క్ అని మొదలుపెట్టారు: రోడ్డులో సెన్సార్లు, గిరాకీని బట్టి మారే రేట్లు. ‘‘జనగామలో ఎందుకు కుదరదు మామా?’’ అన్నాడు. చూద్దాం పదమని రైల్వే స్టేషన్ దగ్గరి బండ్ల స్టాండుకు తీసుకుపోయాను.

గడులూ లేవు, గీతలూ లేవు. హ్యాండిల్ సందులో హ్యాండిల్ దూర్చి నిలబెట్టిన బైకులే అన్నీ. హ్యాండిల్ లాక్ వేస్తే స్టాండు పెద్దమనిషి ఊరుకోడు. వెనక బండి తియ్యాలంటే ముందువి జరపాలి మరి. స్లిప్పు మీద నంబరు రాసి, సగం చింపి చేతికిస్తాడు, మిగతా సగం బ్రేకు వైరుకు గుచ్చుతాడు. పైసలకు మాత్రం గోడకు క్యూఆర్ స్టిక్కర్ ఉంది.

‘‘ఖాళీ సంగతి నేను జూసుకుంట తమ్మీ. స్లిప్పు పోగొట్టుకున్నోళ్లతోనే పరేషాన్’’ అన్నాడాయన. స్లిప్పు పోతే ఆర్సీ చూపించాలి. ఆర్సీని ఫోన్లో పెట్టుకునే ఎం-వాలెట్ మన రాష్ట్రంలో 2016లోనే వచ్చింది గానీ, బండి అన్న పేరు మీద, ఫోను తమ్ముడి చేతిలో!

సాయంత్రం సికింద్రాబాద్ నుంచి రైలు వచ్చేసరికి జనమంతా ఒక్కసారే పడ్డారు. పొద్దున పెట్టిన చోట ఎవరి బండీ లేదు.

అది చూసి మా మేనల్లుడు పచ్చ గడులు పక్కన పడేశాడు. నంబరు ప్లేటు ఫొటో, వరస నంబరు, బండి పెట్టినవాళ్ల ఫోనుకు మెసేజ్. బండి జరిపితే వరస మార్చడానికి ఒక బటన్. సెన్సార్ల ఖర్చు లేదు. పెద్దమనిషి బండ్లు జరిపే హడావిడిలో ఆ బటన్ నొక్కుతాడా అన్నదొక్కటే నా అనుమానం.

ఈ బండ్ల తిప్పలు జనగామ ఒక్కదానివే కావు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబర్ 11న ఒకేరోజు జిల్లా కేంద్రాలయ్యాయి. కలెక్టరేట్లు వచ్చాయి, పనుల మీద వచ్చే బండ్లూ పెరిగాయి. అలాగని మూడింటికీ ఒకే యాప్ అతకదు. మానుకోట అని పిలుచుకునే మహబూబాబాద్‌లో మిర్చి సీజనుకు మార్కెట్ బయట ట్రాక్టర్లు బారులు తీరతాయి; రైతుకు కావలసింది తన వంతు ఎప్పుడో చెప్పే టోకెన్. భూపాలపల్లిలో చెల్పూరు థర్మల్ కేంద్రానికి బొగ్గు మోసే లారీలకు ఏ యాపూ జాగా పుట్టించలేదు, యార్డు కట్టాల్సిందే.

యాపులకు టెండర్లు పిలవబోయే మున్సిపాలిటీ వాళ్లకు నా విన్నపం ఒక్కటే: ముందు ఒక సాయంత్రం రైలు వచ్చే వేళకు స్టాండులో నిలబడండి.