ఏటి నడుమ వైద్యము

మేము గోదావరి లంకలోని యొక పాఠశాలకు వచ్చి తొమ్మిదేండ్లయినది. 'ద్వి' యను మాటయు 'అప్' అను మాటయు కలిసి 'ద్వీప' మైనదని చిన్ననాట గురువులయొద్ద చదివితిమి. ఇరువంకల నీరు గలది యని యర్థము. వ్యాకరణమున నది సులభముగనే బోధపడినది. రాత్రివేళ రేవులో నిలిచి, ఆవలి గట్టుననున్న పడవవానికి గొంతు చించుకొని కేకవేయవలసి వచ్చిన నాడు గదా దాని నిజమైన యర్థము తెలిసినది!

వేసవిలో మా లంకకు ఇసుకతిన్నెలపై సగము దూరము నడిచియే రావచ్చును. ఎర్రనీరు దిగినది మొదలు పడవయే గతి. 1986 ఆగస్టు వరదను పెద్దలు నేటికిని కథగా చెప్పుదురు; 2022 జూలై వరదను మేము కన్నులార చూచితిమి.

మూడేండ్ల క్రిందటి శ్రావణమున, నీరు పెరుగుచుండగా, మా యేడవ తరగతి బాలుని తండ్రి చేనిలోని మోటారును మెరకకు చేర్పబోయి పాముకాటు తినెను. జనులు కాలికి గుడ్డ బిగించి కట్టిరి. అట్లు కట్టరాదని మాకు తరువాత గాని తెలియలేదు. తెలిసియుండవలసిన వారము మేమే. పడవ యావలి గట్టున నుండెను. అది వచ్చి మమ్ము దాటించునప్పటికి రెండు గంటలు గడచెను. ఆసుపత్రిలో పాముకాటు మందు పెట్టెలో సిద్ధముగా నుండెను. వైద్యుడు మాత్రము లేడు. నర్సమ్మ చేతులు వణకుచుండ, "డాక్టరుగారు లేకుండా నేనెక్కించలేనండి మాస్టారూ, వికటిస్తే నా వల్ల కాదండి" అనెను. మేమామెపై కోపించితిమి. ఆ మందు కొందరికి ప్రాణాంతకముగా వికటించుననియు, అప్పుడు ప్రక్కన వైద్యుడుండి తీరవలెననియు నాడు మే మెరుగము. 108 బండిపై పట్టణమునకు తీసికొనిపోవుచుండగా త్రోవలోనే యాతడు మరణించెను.

మరునాడే మేము పై యధికారులకు అర్జీ వ్రాసితిమి. చదివిన సంస్కృతమంతయు అందులో గ్రుమ్మరించి, ఆ వైద్యుని కర్తవ్యభ్రష్టుడంటిమి. ఊరివారు మెచ్చుకొనిరి. మాసము గడచిన పిమ్మట ఆ వైద్యుని చూడబోతిమి. ఇరువదియేడేండ్ల పిల్లవాడు. ఆనాడాతనిని వరదబాధితుల శిబిరమునకు పంపియుండిరి. ఆతని పాలిట రెండు ఆసుపత్రులు. నివాసమునకిచ్చిన యింటి కప్పు కారుచుండుటచే పట్టణమున గది యద్దెకు తీసికొని వచ్చిపోవుచుండెను. "నేనొక్కణ్ణి రెండుచోట్ల ఎలా ఉంటానండి మాస్టారూ?" అని మాత్రమే యడిగెను. మాకు మాట రాలేదు. ఆ యర్జీని మరల తీసికొనలేదు. అది మా తప్పు. ఆరునెలలలో ఆతడు బదిలీపై వెడలిపోయెను. తరువాత చాలకాలమా స్థానము ఖాళీగనే యుండెను.

అది మొదలు, ఏటి నడుమను కడలి నడుమను బ్రదుకు జనులకు వైద్యుడెట్లు నిలుచునని చదువసాగితిమి. స్కాట్లండు ఉత్తర పర్వతములలోను పడమటి దీవులలోను ఇదే దుఃఖముండెను. 1911 నాటి బీమా చట్టము కూలి పుచ్చుకొనువారికే గాని, సొంత చెక్క దున్నుకొను పేదరైతులకు అక్కరకు రాదాయెను. 1912లో సర్ జాన్ డ్యూవర్ అధ్యక్షతను ఒక విచారణసంఘము ఆ సీమలు తిరిగి నివేదిక వ్రాసెను. వైద్యుని ధ్రువీకరణము లేకయే ఎందరు మరణించుచున్నారని యది చూచెను. వైద్యునకు ఇల్లున్నదా, సెలవుపై పోయిన మారుమనిషి కలడా యనియు చూచెను. 1913లో ప్రభుత్వమువారు సాలునకు 42,000 పౌనులు కేటాయించి, వైద్యునకు కనీసాదాయమును, రాకపోకల వ్యయమును భరించిరి. రోగి దూరమున నున్నాడని యెక్కువ రుసుము గొనరాదనిరి. 1933లో ఐలా దీవినుండి యొక జాలరిని విమానమున గ్లాస్గోకు చేర్చిరి. 1948లో దేశమంతటికిని ఉచితవైద్యము వచ్చువరకు ఆ యేర్పాటు సాగెను. డ్యూవరువారిది మద్యము కాచు కుటుంబమని చదివి మేము కొంత నవ్వుకొంటిమి. అర్జీలు వ్రాయు మా బోటి శుద్ధాచారులకంటె ఆయనయే వైద్యుని కష్టమును ముందుగా నడిగెను.

మన దేశమున మైదానములలో 30,000 మందికి, కొండలు, గిరిజన భూములు, కష్టతర ప్రదేశములలో 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్యకేంద్రమని లెక్క. పటములో చూచిన మా లంక శుద్ధ మైదానము. కొండ యనుటకు మాకు ఇసుకదిబ్బలే కలవు! మైళ్లు కొలిచిన ఆసుపత్రి దగ్గరనే యున్నది. గంటలు కొలిచిన వానకాలమున నది పట్టణముకంటె దూరము. అస్సామున బ్రహ్మపుత్ర లంకలకు 2005 నుండి పడవలపైననే వైద్యమును పంపుచున్నారు. జపానులో 1972న స్థాపించిన జిచి వైద్యవిద్యాలయము ప్రతి మండలమునుండి విద్యార్థులను తీసికొని, తమ సీమలో తొమ్మిదేండ్లు పనిచేసిన జీతపుటప్పు మాఫీ చేయును. వచ్చినవానిని పట్టి నిలుపుటకంటె, నిలువదగినవానిని తయారుచేయుట మేలని వారి యెత్తు. మా పదవ తరగతిలో అట్టి బాలిక యొకతె కలదు. ఆమె తెలివిని శంకింపము. శిక్షణకగు ధనమే ప్రశ్న.

గడచిన యేడు మేము పిల్లలచేత ఒక పుస్తకము పెట్టించితిమి. ఎవరికి జబ్బు, ఇల్లు విడిచిన వేళ, పడవ దొరకిన వేళ, వైద్యుని చూచిన వేళ — ఇంతే. నేటినుండి వ్రాయుడని చెప్పితిమి గాని, ఆ బాలుడిప్పుడు పెద్దతరగతిలో నున్నాడు, మొదటి వరుసలో తన తండ్రి దినమును వ్రాసి, కడపటి గడిని ఖాళీగా విడిచెను. మేము దానిని కొట్టివేయలేదు.

ఆ పుస్తకమును జోడించి క్రొత్త యర్జీ వ్రాయుచున్నాము. ఇందు సంస్కృతము లేదు. వైద్యుని యిల్లు బాగుచేయుట, వరదమాసములలో రెండవ వైద్యుని నియమించుట, రాత్రులు మా గట్టున ఒక పడవ నిలుపుట — అడిగినవి యివియే. మొదటి రెండును పైవారి చేతిలోనివి. పడవవాని జీతము సంగతి వచ్చు వారము మాటలాడుదమని పంచాయతీవారు చెప్పిరి.