కీచురాళ్ళు

మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు, అరుస్తారు. కోపంతో కాదండీ, అలవాటుతో. నాంపల్లి స్టేషన్‌కి నాలుగు అడుగుల దూరంలో, రోడ్డు మీదికి బాల్కనీ ఉన్న రెండో అంతస్తు పోర్షన్ మాది. పొద్దున లేస్తే ఆటోల హారన్లు, రైళ్ళ అనౌన్స్‌మెంట్లు, బస్సులు. జనవరి ఒకటి నుంచి నుమాయిష్ మొదలైతే ఇక చెప్పక్కర్లేదు. వంటింట్లోంచి "ఏవండీ" అని పిలవాలంటే గొంతు చించుకోవాల్సిందే. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురం ఇలాగే అరుచుకుంటూ గడిచిపోయింది.

మావారు ఆబిడ్స్ వెనక గల్లీలో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో పని చేస్తారు. ముప్ఫై ఏళ్ళుగా అదే ఉద్యోగం. ఆదివారం వస్తే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేసి, రెండు మూడు సంచిలో వేసుకుని వచ్చి, సాయంత్రం దాకా వాటిలో మునిగిపోతారు. నేనేమన్నా "ఊ" అంటారు. ఒకసారి సబ్బు తెమ్మంటే వంద నోటు తీసి చేతిలో పెట్టారు. "డబ్బు అన్నవ్ కదా" అన్నారు. అందరం పడీ పడీ నవ్వుకున్నాం. కానీ లోపల నాకు మాత్రం, ఈయనకి నా మాటంటే లెక్కే లేదని ఒక కచ్చ ఉండిపోయింది.

మా అమ్మాయిది ఇంకో బాధ. అది బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. మూడేళ్ళ క్రితం తనకు నచ్చిన అబ్బాయిని చేసుకుంది. ఈయన మొదట కాదన్నారు, తర్వాత తలూపారు, పెళ్ళికీ వచ్చారు. కానీ అప్పటి నుంచి అది ఫోన్ చేస్తే అర నిమిషం మాట్లాడి "మీ అమ్మకిస్తున్న" అని నా చేతికి ఇచ్చేస్తారు. "నాన్నకి ఇంకా కోపం పోలేదమ్మా" అని అది చాలాసార్లు ఏడ్చింది. నేనేం చెప్పను? నాకూ అలాగే అనిపించేది.

మమ్మల్ని అండమాన్ పంపింది అదే. టికెట్లు, గది అన్నీ తనే చూసింది. "హోటల్ వద్దమ్మా, నీల్ ద్వీపంలో చిన్న ఇల్లుంది, రెండే గదులు, పొద్దున టిఫిన్ వాళ్ళే పెడతారు. నువ్వు నాలుగు రోజులు వంట మానేసి కూర్చో" అంది. డిసెంబరు రెండో వారంలో శంషాబాద్‌లో విమానం ఎక్కాం. పోర్ట్ బ్లెయిర్‌ని 2024 నుంచి శ్రీ విజయపురం అంటున్నారు. నీల్‌కి 2018లోనే షహీద్ ద్వీప్ అని పేరు మార్చారు. అయినా అక్కడి వాళ్ళ నోట ఎక్కువగా పాత పేర్లే.

పోర్ట్ బ్లెయిర్‌లో సెల్యులార్ జైలు చూస్తుంటే మావారు ఒక సంగతి చెప్పారు. 1857 జూలై 17న మన కోఠి రెసిడెన్సీ మీద తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి దాడి చేసిన మౌల్వీ అలావుద్దీన్‌ని ఈ అండమాన్‌కే పంపారట. అప్పటికి ఈ జైలు కట్టలేదు. 1906కి గానీ పూర్తి కాలేదు. ఆయన మళ్ళీ హైదరాబాద్ చూడకుండానే ఇక్కడ పోయారు. రోజూ కోఠి బస్సు ఎక్కే నాకు ఆ మాట ఎందుకో గుండెల్లో గుచ్చుకుంది.

అక్కడి నుంచి ఓడలో నీల్. ఈ చివరి నుంచి ఆ చివరికి ఐదారు కిలోమీటర్లకి మించదు. ఊళ్ళ పేర్లు రామ్‌నగర్, సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్. రామాయణమంతా అక్కడే ఉంది! దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలు అడవి కొట్టి కూరగాయల మళ్ళు వేసుకున్నారు. మా ఇంటాయన అలాంటి బెంగాలీ కుటుంబం వాడే. ఇంటావిడ మాత్రం మన తెలుగమ్మాయి! వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి చేపల వేటకి పోర్ట్ బ్లెయిర్ వచ్చి స్థిరపడ్డాడట. "ఒచ్చీసినారా అక్కా, రండి రండి" అని నా చేతిలో సంచి అందుకుంది. ఎంత నెమ్మదైన గొంతో! పొద్దున్నే పూరీలు, శనగపప్పు కూర, బొప్పాయి ముక్కలు. వాకిట్లో వక్క చెట్లు, వాటి వెనక మడులు, ఆ తర్వాత సముద్రం. అంతే. ఇంకేం లేదు.

మొదటి రోజు ఆ నిశ్శబ్దానికి నాకు భయం వేసింది. ఏదో పోగొట్టుకున్నట్టు చుట్టూ చూసుకున్నాను. రెండో రోజు పొద్దున ఈయన అరుగు మీద పుస్తకం పట్టుకుని కూర్చుంటే ఆ అమ్మాయి వెనక నుంచి "బావగారూ, టీ తెచ్చీమంటారా?" అంది. ఈయన పలకలేదు. మళ్ళీ అడిగింది. ఉలుకూ పలుకూ లేదు. పాపం చిన్నబోయి లోపలికి వెళ్ళిపోయింది. గదిలోకి వచ్చాక "పరాయి వాళ్ళ దగ్గర కూడా ఇదేనా?" అని దులిపేశాను. ఆయన అయోమయంగా చూశారు.

అక్కడ ఐదు దాటితే చీకటే. ఆ రాత్రి కరెంటు పోయింది. ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. "అబ్బ, కీచురాళ్ళు ఎంత గోల చేస్తున్నాయో" అన్నాను.

"ఏడ? నాకు సముద్రమే వినొస్తున్నది" అన్నారు.

ఆటపట్టిస్తున్నారేమో అనుకున్నాను. చెవులు మూసుకోవాలనిపించేంత మోత అది! మెల్లగా లేచి ఆయన వెనక్కి వెళ్ళి, మామూలు గొంతుతో "ఏవండీ" అన్నాను. పలకలేదు. ఇంకోసారి. ఇంకోసారి. నా కాళ్ళు వణికాయి. ముందుకొచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాను.

చాలాసేపటికి నోరు విప్పారు. నాలుగేళ్ళుగా తనకి తెలుసట. చెవిటోడని తెలిస్తే ప్రెస్‌లో పక్కన పెడతారని భయం. "ఇంట్ల మీరు అరుస్తరు కాబట్టి నడుస్తున్నది. ఫోన్‌ల పిల్ల మాట సగం తెల్వది. మళ్ళ మళ్ళ అడిగితే ఏమనుకుంటదో అని నీకిస్త" అన్నారు.

నేను ఏడ్చాను. మూడేళ్ళు అది అక్కడ, నేను ఇక్కడ, ఆయన మీద లేనిపోని నేరం మోపి కూర్చున్నాం. పుస్తకాల్లో ఎందుకు తలదూర్చేవారో అప్పుడర్థమైంది. పుస్తకాన్ని రెండోసారి అడగక్కర్లేదు కదా.

తిరిగి రాగానే కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి తీసుకెళ్ళాను. పరీక్ష చేసి గ్రాఫ్ చూపించారు. బొంగురు శబ్దాల దగ్గర గీత బాగానే ఉంది, సన్నటి శబ్దాల దగ్గర లోయలోకి పడిపోయింది. అందుకే అలలు వినిపించాయి, కీచురాళ్ళు వినిపించలేదు. ఆడవాళ్ళ, పిల్లల గొంతులు, స, శ లాంటి అక్షరాలే ముందు పోతాయట. 85 డెసిబెల్స్ దాటిన మోతలో రోజూ ఎనిమిది గంటలు ఏళ్ళ తరబడి ఉంటే లోపలి చెవిలో సన్నటి వెంట్రుకల్లాంటి కణాలు దెబ్బతింటాయి. పోయినవి మళ్ళీ రావు. వయసు దానికి తోడు. మిషన్లు పెట్టుకుంటే చాలావరకు నెట్టుకురావచ్చన్నారు.

మిషన్లు వచ్చిన రోజు ఆయనే అమ్మాయికి ఫోన్ చేశారు. "నాకు చెవులు సరిగ్గ వినపడ్తలేవు బిడ్డా. కోపం కాదు" అన్నారు. అవతల ఏమందో నాకు తెలీదు, నేను వంటింట్లోకి వచ్చేశాను. నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు. ఫోన్ నా చేతికి రాలేదు.

మీ ఇంట్లో కూడా పిలిస్తే పలకని వాళ్ళుంటే, అలిగే ముందు ఒక్కసారి వెనక నుంచి మెల్లగా పిలిచి చూడండి. మా ఇంట్లో ఇప్పుడు నేను గొంతు తగ్గించడం నేర్చుకుంటున్నాను. ఇంకా సరిగ్గా రావట్లేదు. ఈయన మాత్రం సాయంత్రం నుమాయిష్ మైకులు మొదలవగానే రెండు మిషన్లూ తీసి జేబులో వేసుకుని, నన్ను చూసి నవ్వుతున్నారు.