నేను పారేసిన మైకా ముక్క

ఇన్నాళ్లూ మీరు రాసినవి చదివి లైక్ కొట్టి పోయేవాణ్ణి. రాయడం ఇదే మొదటిసారి. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి. ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ చదివే తమ్ముళ్లకి పనికొస్తుందని రాస్తున్నా.

మాది నందివాడ మండలం, యానాదులం. ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. ఇప్పుడు హాస్టల్లో ఉండి ఎలక్ట్రికల్ రెండో సంవత్సరం చదువుతున్నా. మా తాత వరి చేలల్లో ఎలుకలు పట్టేవాడు. ఇప్పుడు మా చుట్టుపక్కల ఎటు చూసినా చేపల చెరువులే, అందుకని నాన్న చెరువు కాపలా చేస్తాడు. గట్టు మీద పాక, పాకలో ఒక ఇన్వర్టర్, ఒక బ్యాటరీ. రాత్రి కరెంటు పోతే గట్టు మీద లైట్లు దాంతోనే వెలగాలి. లైట్లు లేకపోతే బొచ్చెలు, శీలావతులు ఎవరు పట్టుకుపోయినా మాట పడేది నాన్నే.

పోయిన ఎండాకాలం సెలవుల్లో అది చచ్చిపోయింది. చెరువు ఆసామి నాన్నతో "మీవాడు కరెంటు చదువుతున్నాడుగా, వాణ్ణే చూడమను" అన్నాడు. నాకు ఎంత పొంగిపోయిందో చెప్పలేను. విప్పి చూస్తే ఒకే అల్యూమినియం హీట్‌సింక్ మీద రెండు వరసల్లో మోస్ఫెట్లు, నాలుగూ నాలుగూ ఎనిమిది. అన్నీ ఐఆర్‌ఎఫ్ 3205 రకం. కొన్ని పేలి ఉన్నాయి. గుడివాడ వెళ్లి ఎనిమిదీ కొత్తవి కొనుక్కొచ్చా, ఆసామి డబ్బులతోనే.

పాతవి పీకేటప్పుడు ఎడమ వరస కింద పల్చటి రేకు ఒకటి ఎండిపోయిన పేస్ట్‌తో అతుక్కుని ముక్కలై వచ్చింది. ప్యాకింగ్ కాగితం అనుకుని పారేశా. స్క్రూలకున్న చిన్న ప్లాస్టిక్ బుష్‌లు మాడిపోయి ఉంటే అవీ పారేశా. వాటి బదులు తెల్ల పేస్ట్ దండిగా పూశా, అన్నానికి పెరుగు కలిపినట్టు. ఎంత గట్టిగా బిగిస్తే అంత మంచిదని బలమంతా పెట్టి బిగించా. స్విచ్ వేశా. టప్ మన్న చప్పుడు, పొగ, కాలిన వాసన. అంతే.

ఆసామి నన్నేమీ అనలేదు. నాన్న వైపు చూసి "మీవాళ్లకి ఇవన్నీ ఎందుకురా" అన్నాడు. ఆ డబ్బులు నాన్న జీతంలో పట్టుకున్నాడు. నాన్న తల దించుకుని నిలబడ్డాడు. ఆ రాత్రి టార్చిలైట్ పట్టుకుని గట్టు చుట్టూ నాన్న తిరుగుతుంటే పాకలో పడుకుని చూస్తూ ఉన్నా.

తెల్లారి కాలిన బోర్డు సంచిలో వేసుకుని గుడివాడలో ఒక మెకానిక్ బాబాయ్ దగ్గరికెళ్లా. ఆయన చూసి నవ్వాడు. మీటర్ తీసి మోస్ఫెట్ వెనకున్న లోహపు రేకుకీ మధ్య కాలుకీ ఆనించాడు. బీప్ అంది. రెండూ లోపల ఒకటే! రెండు వరసలూ ట్రాన్స్‌ఫార్మర్ రెండు కొసల్నీ వంతులవారీగా నడపాలి. ఒకే సింక్ మీద ఉన్నాయి కాబట్టి ఒక వరస నేరుగా బిగించి, రెండో వరసకి మధ్యలో అడ్డం పెట్టారు. ఆ అడ్డమే నేను పారేసిన రేకు. మైకా, అంటే మన అభ్రకం. నేను తీసేసరికి రెండు కొసలూ కలిసిపోయి, బ్యాటరీ కరెంటంతా అడ్డూ అదుపూ లేకుండా పారింది. కరెంటుని ఆపాలి, వేడిని పోనివ్వాలి. ఈ రెండు పనులూ చేస్తుంది కాబట్టే అభ్రకం పెడతారు. నెల్లూరు వైపు గూడూరు ప్రాంతం అభ్రకం గనులకి పేరు. మన యానాదులు ఎక్కువ ఉండేదీ నెల్లూరు వైపే. ఆ సంగతి తెలిసినవాణ్ణి, ఆ రేకుని గుర్తుపట్టలేకపోయా.

హాస్టల్‌కి వచ్చాక ఆ మోస్ఫెట్ డేటాషీట్ తెరిచా. అంతా ఇంగ్లీషే, ఒక్కో మాటా వెతుక్కుంటూ రెండు రాత్రులు కూర్చున్నా. అందులో వాట్‌కి ఎన్ని డిగ్రీలు వేడెక్కుతుందో రాసి ఉంటుంది. హీట్‌సింక్ లేకుండా గాల్లో ఉంటే వాట్‌కి 62 డిగ్రీలు. 10 వాట్ల వేడి పుడితే 620 డిగ్రీలు ఎక్కాలి, కానీ లోపలి చిప్ తట్టుకునేది 175 వరకే. అదే నున్నటి సింక్ మీద పేస్ట్ రాసి బిగిస్తే ఆ అతుకు దగ్గర వాట్‌కి 0.5 మాత్రమే, అంటే 10 వాట్లకి 5 డిగ్రీలు. మైకా పెడితే ఇంకొంచెం పెరుగుతుంది.

పేస్ట్ సంగతి నాకు తాత వల్ల అర్థమైంది. ఎలుక బొరియకి పొగ కుండ ఆనించి, సందుల్లో తడి మట్టి మెత్తేవాడు, పొగ బయటికి పోకుండా. సందు ఉన్నచోటే మట్టి. కంటికి నున్నగా కనిపించినా రెండు లోహాల మధ్య సన్నటి గుంటలుంటాయి, వాటిలో గాలి ఉంటుంది. గాలి వేడిని దాదాపు పోనివ్వదు. పేస్ట్ ఆ గుంటలు నింపడానికే. అల్యూమినియంతో పోలిస్తే పేస్ట్ కూడా మందకొడిదే, అందుకే మందంగా పూస్తే అదే అడ్డమవుతుంది.

బిగింపు కూడా అంతే. స్క్రూ కన్నం ఒక కొసన ఉంటుంది, చిప్ ఇంకో వైపు ఉంటుంది. మరీ బిగిస్తే రేకు వంగి చిప్ ఉన్న వైపు పైకి లేస్తుంది. అందుకే కొన్ని బోర్డుల్లో స్క్రూ బదులు స్ప్రింగ్ క్లిప్పులు, సరిగ్గా చిప్ నెత్తి మీద నొక్కేట్టు. మైకా బదులు మెత్తటి సిలికాన్ ప్యాడ్‌లు కూడా వాడతారు, వాటికి పేస్ట్ అక్కర్లేదు. ఎల్‌ఈడీ లైట్లలో అయితే వేడిని లాగే డబుల్ టేపుతో అతికిస్తారు. పెద్ద మోటార్ డ్రైవ్‌లలో మాడ్యూళ్లకి నాలుగు మూలలా స్క్రూలుంటాయి, ఆటో చక్రం నట్లు బిగించినట్టు ఎదురెదురుగా బిగించుకుంటూ పోవాలి.

తర్వాతి సెలవులకి మళ్లీ మొదలుపెట్టా. ఈసారి మోస్ఫెట్లు నా డబ్బులతోనే, పెళ్లిళ్లలో లైటింగ్ కట్టి సంపాదించినవి. సింక్ కన్నాల అంచుల్లో ముల్లులా లేచిన లోహం ఉంది. అది మైకాని చీలుస్తుందని బాబాయ్ చెప్పాడు, గరుకు కాగితంతో రుద్దా. మైకాకి రెండు వైపులా పేస్ట్ మసక మసగ్గా రాశా. బుష్‌లు వేశా. ముందు స్క్రూ బిగించి, ఆ తర్వాతే కాళ్లకి సోల్డరింగ్ చేశా. ముందే సోల్డర్ చేస్తే బిగించేటప్పుడు కాళ్లు లాగబడి అతుకు చిట్లుతుంది. మైకా ఉన్న వరసలో ప్రతి మోస్ఫెట్‌కీ సింక్‌కీ మధ్య మీటర్ పెట్టి చూశా, బీప్ రాలేదు.

అయినా చేతులు వణికాయి. పక్కింటి ఆటో హెడ్‌లైట్ బల్బు అడుక్కొచ్చి బ్యాటరీ వైరు మధ్యలో కలిపా. షార్ట్ ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, మోస్ఫెట్లు బతుకుతాయి. బల్బు ఒక్కసారి మెరిసి ఆగిపోయింది. బల్బు తీసేసి నేరుగా కలిపా, గట్టు మీద లైట్లన్నీ వెలిగాయి. అరగంట తర్వాత సింక్ మీద చెయ్యి పెట్టా, గోరువెచ్చగా ఉంది. (ఇది 12 వోల్టుల వైపు కాబట్టి పెట్టా. ఇండక్షన్ స్టవ్ లాంటి వాటిలో సింక్‌కే షాక్ ఉండొచ్చు, మీరు మాత్రం పెట్టకండి.)

ఆసామి వచ్చి చూసి ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. రెండు రోజుల తర్వాత అవతలి చెరువు ఇన్వర్టర్ కూడా మీవాణ్ణి చూడమను అని నాన్నకి చెప్పాడంట. నాన్న వెంటనే సరే అనలేదంట. "వస్తాడు బాబూ, కూలి ఎంతిస్తారు?" అని అడిగాడంట.