సగం టిక్కెట్టు ప్రయాణం

మా తరం ఆడవాళ్లలో చాలామందికి రెండు పుట్టినరోజులుంటాయి. ఒకటి అమ్మ చెప్పేది, రెండోది బళ్లో పంతులుగారు వేసింది. మా అమ్మనడిగితే, "తంగేడు పూసింది, బతుకమ్మ ఇంక పది దినాలున్నది, అప్పుడు పుట్టినవ్" అంటుంది. పంతులుగారు అంత దూరం ఆలోచించలేదు. బళ్లు తెరిచే జూన్ నెలలో ఓ తేదీ వేసి చేతులు దులుపుకున్నారు. ఆధార్ కార్డూ, బ్యాంకూ పంతులుగారి మాటే నమ్మాయి. అందుకే ఏటా ఆ రోజున తెల్లారేసరికి నాకు మొట్టమొదటి శుభాకాంక్షలు చెప్పేది బ్యాంకువారే!

పిల్లల పుట్టినరోజులకి కేకులు, అత్తమ్మకి డెబ్భై నిండితే చుట్టాలందరికీ భోజనాలు... అన్నీ మన చేతుల మీదుగానే జరుగుతాయి. మన పుట్టినరోజున పాయసం కూడా మనమే కలుపుకోవాలి. అలాంటిది ఈ జూన్‌లో మావారు, "రెండు రోజులు వరంగల్ పోయొద్దామా?" అన్నారు.

"ఎవరికన్నా బాగాలేదా?" అన్నాను.

అనక ఏం చెయ్యను చెప్పండి! జనగామ నుంచి వరంగల్ గంటన్నర ప్రయాణం. అయినా పెళ్లయిన ఇరవై రెండేళ్లలో మేం వెళ్లిందల్లా ఆసుపత్రికో, పెళ్లికో, అబ్బాయి ఫీజు కట్టడానికో. ఊరికే వెళ్లడమనేది మా ఇంటా వంటా లేదు.

అత్తమ్మ "మీరిద్దరేనా?" అని ఒక్క మాట అడిగింది. తొక్కు జాడీ, సకినాల డబ్బా ఆవిడ కళ్లెదుట పెట్టి, పెరుగు తోడేసి, అబ్బాయికి పది జాగ్రత్తలు చెప్పి బయటపడ్డాను.

2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం వచ్చిన దగ్గర్నుంచి ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో కూడా మాకు ఉచితమే కదా. కండక్టరు ఆధార్ చూసి నాకు జీరో టిక్కెట్టు ఇచ్చి, మావారి దగ్గర డబ్బులు తీసుకున్నాడు. "పుట్టినరోజు నీది, టిక్కెట్టు నాది" అని గొణిగారాయన. ముందు సీట్లో పెద్దావిడ వెనక్కి తిరిగి, "ఇన్నేండ్లు మమ్ముల మీరే తీస్కపోతిరి కొడుకా. ఇప్పుడు మా ఎంబడి మీరు రండ్రి" అంది. బస్సంతా నవ్వింది. మావారూ నవ్వారు, కాస్త ఆలస్యంగా.

రఘునాథపల్లి, స్టేషన్ ఘన్‌పూర్ దాటేసరికి మా మాటలయిపోయాయి. కరెంటు బిల్లు, అబ్బాయి మార్కులు, అత్తమ్మ బీపీ మాత్రలు – మా దగ్గరున్న సరుకంతా అదే. ఇంకా రెండు రోజులు ఏం మాట్లాడుకుంటాం? నాకు నిజంగానే భయం వేసింది. రేపు పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయాక మిగిలేది మేమిద్దరమే కదా!

హనుమకొండలో వేయిస్తంభాల గుడికి వెళ్లాం. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి. శివుడికీ, విష్ణువుకీ, సూర్యుడికీ మూడు గర్భాలయాలు. నందికి అవతల కల్యాణమండపం. బాగుచెయ్యడానికని దాన్ని 2006లో విప్పి, రాళ్లకి నంబర్లు వేసి పక్కన పెట్టారు. మళ్లీ నిలబెట్టి తెరిచింది 2024 మార్చి 8న, శివరాత్రి నాడు. దాదాపు పద్దెనిమిదేళ్లు! కాకతీయుల కాలంలో గొయ్యి తవ్వి, ఇసుక నింపి, దాని మీద కట్టేవారట. భూమి కదిలినా ఇసుక సర్దుకుంటుందని. ఏ ఇంటికి మాత్రం ఎవరో ఒకరు ఇసుకలా సర్దుకోకపోతే ఎలా నిలుస్తుంది?

మెట్ల మీద కూర్చున్నాక, "యూనివర్సిటీ ఇక్కడికి దగ్గరే" అన్నాను.

"అవును, ఏం?"

"అందులో నాకు ఎం.ఏ. తెలుగు సీటొచ్చింది. మన పెళ్లయిన ఏడాదే."

మావారు నావైపు తిరిగారు. "నాకెవరూ చెప్పలేదే!"

"ఎవరూ అడగలేదుగా!"

ఫీజు కట్టవలసిన వారంలోనే ముహూర్తం కుదిరింది. నాన్న ఫీజు డబ్బు పెళ్లి ఖర్చులో కలిపేశారు. నా నవలలకి తొలి పాఠకుడు మావారే, అచ్చుతప్పులు దిద్దేదీ ఆయనే. "నీ కథల్లో చదువు మానేసిన అమ్మాయిలే ఎందుకుంటారు?" అని ఒకసారి అడిగారు కూడా. అప్పుడు నవ్వేసి ఊరుకున్నాను.

"ఇప్పుడేం తక్కువైంది నీకు?" అంటారేమోనని ఎదురుచూశాను. అనలేదు. అందుకు ఆయన్ని మెచ్చుకోవాలి. చాలాసేపటికి, "ఆటో పిలవనా? చూసొద్దాం" అన్నారు.

1976లో మొదలైన కాకతీయ విశ్వవిద్యాలయం. చెట్ల కింద పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని అమ్మాయిలు గలగలా నవ్వుకుంటున్నారు. మా అబ్బాయి కంటే ఏ రెండేళ్లో పెద్దవాళ్లు. దూరవిద్యలో చేరడానికి ఏమేం కావాలో మావారు ఎవరినో అడిగి, కాగితం మీద రాసుకొచ్చి నా చేతిలో పెట్టారు.

"పుట్టినరోజు కానుకా?" అన్నాను.

"కాదు, బాకీ" అన్నారు.

లాడ్జిలో మర్నాడు అలవాటు కొద్దీ అయిదింటికే మెలకువొచ్చింది. పొయ్యి లేదు, పాల ప్యాకెట్టు లేదు, చెయ్యడానికి పనే లేదు. మావారు కిందికి వెళ్లి చాయ్ తెచ్చారు. ఆ పూట భద్రకాళి చెరువు గట్టున మాట్లాడుతూనే ఉన్నాం. ఆయన చిన్నప్పుడు తబలా నేర్చుకోవాలనుకున్నారట! ఇరవై రెండేళ్ల తర్వాత ఇప్పుడా తెలిసేది?

తిరిగొచ్చి చూస్తే ఇల్లు ఎక్కడిదక్కడే ఉంది. సకినాల డబ్బా ముట్టకుండా, అత్తమ్మ మనవడి చేత ఉప్మా చేయించుకుని తిన్నదట. దరఖాస్తు ఇంకా నింపలేదు. మావారు రోజూ దాని పక్కన పెన్ను పెట్టి వెళ్తున్నారు.

ఎక్కడికో దూరాలు పోనక్కర్లేదు. మానుకోట వాళ్లకి వరంగల్‌కి రైలుంది. భూపాలపల్లి వాళ్లకి గణపురం కోటగుళ్లు దగ్గర, 2021లో యునెస్కో గుర్తించిన రామప్పా దూరం కాదు. బస్సెక్కితే ఇద్దరికీ కలిపి ఒక్క టిక్కెట్టే. వెళ్లేటప్పుడు మాత్రం కరెంటు బిల్లు మాటలు ఇంట్లోనే పెట్టి తాళం వేసుకోండి!