బండిలోకి నీళ్లు ఎక్కడినుంచి వచ్చాయంటే

హైదరాబాదులోనూ గల్ఫులోనూ ఉండి ఇవి చదివేవాళ్లు ఫోన్ చేసినప్పుడల్లా అడిగే మాట ఒకటుంది: "అయ్యగారూ, మన జిప్సీ ఇంకా నడుస్తోందా?" నడుస్తోంది. 1998 మోడల్, రెగ్జిను టాపు, మీరు కానుకలు వేసి కొనిపెట్టిన బండే. ఇవాళ రాసేది దాని గురించే, కానీ కొంచెం సిగ్గుపడుతూ రాస్తున్నాను.

పోయిన జూలైలో ఆసుపత్రి నుంచి ఒక బాలింతనీ పసిబిడ్డనీ మారేడుమిల్లి ఘాటు మీదుగా వాళ్ల ఊరికి దించాను. దారంతా వాన. బిడ్డ గుడ్డలు, తల్లీబిడ్డా కార్డు పెట్టిన సంచి వెనక సీటు కింద పెట్టారు. ఊళ్లో దిగేసరికి సంచి అడుగంతా తడిసి ముద్దయింది. కార్డులో సిరాతో రాసిన టీకాల తేదీలు కారిపోయాయి. ఆ తల్లి ఏమీ అనలేదు. కార్డు విప్పి ఊదుకుంటూ కూర్చుంది.

అంతకు నెల ముందే టాపు కొత్తగా కుట్టించాం. కుట్టింది మన సంఘంలోని అన్నే. నీళ్లు నిలిచినచోటికి సరిగ్గా పైనే టాపు మూల కుట్టు ఉంది. ఇంకేం చూడాలి అనుకున్నాను. ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర, పదిమంది వింటుండగా, "దేవుని పనికి కూడా ఇలాగేనా కుట్టేది?" అన్నాను. అమ్మగారు నా చెయ్యి గిల్లినా నోరు ఆగలేదు. ఆయన తలవంచుకుని "విప్పి మళ్లీ కుడతానయ్యగారూ" అన్నాడు. రెండు రోజులు తన పని మానుకుని కుట్టాడు, కుట్లమీద కొవ్వొత్తి మైనం రుద్దాడు. డబ్బు తీసుకోలేదు.

తర్వాతి వానకి మళ్లీ అదేచోట నీళ్లు.

అప్పుడు మెకానిక్ షెడ్డులో పనిచేసే మన కుర్రాడు వచ్చి ఒక మాటన్నాడు. నీళ్లు కనబడేచోటు వేరు, దూరేచోటు వేరు, వెతకడం కిందినుంచి మొదలెట్టాలి అని. టాపు మీద పోస్తే నీళ్లు అన్నిచోట్లా జారతాయి, ఎక్కడ దూరిందో తెలియదు. అందుకని ముందు మ్యాటూ దానికింది గోనెపట్టా తీసేసి రేకు తుడిచి ఆరబెట్టాం. (గోనెపట్టా కింద తుప్పు చూసి గుండె గతుక్కుమంది. పైన మ్యాటు ఆరినట్టే ఉండేది మరి.) తలుపు రబ్బర్ల మధ్య కాగితం ముక్క పెట్టి మూసి లాగాం. గట్టిగా పట్టుకుంటే మంచిదే, ఊరికే జారి వస్తే అక్కడ రబ్బరు పనిచేయడంలేదన్నట్టు. ఎడమ తలుపు దగ్గర ఒకచోట జారింది, అంతే. తర్వాత లోపల అతుకుల వెంబడి ఫేస్ పౌడరు అద్దాం, నీటి చార పడితే తెలుస్తుందని. ఆ డబ్బా అమ్మగారిది. నేను టార్చి పట్టుకుని లోపల కూర్చున్నాను, కుర్రాడు బయటినుంచి చెంబుతో మెల్లగా, ఒక్కోచోట అయిదేసి నిమిషాలు పోశాడు. తలుపుల కింద పోశాడు, ఏమీ లేదు. బానెట్‌కీ అద్దానికీ మధ్య రేకు మీద పోయగానే డాష్‌బోర్డు కింద ఒక వైరు వెంట సన్నగా ధార దిగింది.

అది మైకుసెట్టు వైరు. సువార్త కూటాలకని మూడేళ్ల కిందట ఆ రేకుకి డ్రిల్లుతో రంధ్రం పెట్టింది నేనే. చుట్టూ ఎమ్‌సీల్ పూసి చేతులు దులుపుకున్నాను. అది ఎండకి పగిలిపోయింది. బండి ఘాటెక్కేటప్పుడు ముందుభాగం పైకి లేస్తుంది కదా, ముందు దిగిన నీళ్లు మ్యాటు కిందనుంచి పాకి వెనక చేరుతున్నాయి. గుడి ముందు కూడా ఎత్తువైపు మొహం పెట్టే ఆపుతాను. టాపు మీద పోసినప్పుడు లోపల చుక్క పడలేదు. మూల కుట్టు దగ్గర పౌడరు పొడిగానే ఉంది.

నేను బండిలోంచి చాలాసేపు దిగలేదు. కుర్రాడు "అయిపోయిందా అయ్యగారూ?" అని రెండుసార్లు అడిగాడు.

బాగుచేయడానికి ఒక పూట చాలింది. పాత ఎమ్‌సీల్ గీకి, రంధ్రానికి రబ్బరు గ్రోమెట్ వేశాం. వైరుని నేరుగా లోపలికి పోనీయకుండా, బయట కిందికి ఒక వంపు వచ్చేలా కట్టాం. నీళ్లు ఆ వంపు దగ్గరే చుక్కలుగా రాలిపోతాయి. తలుపు రబ్బరు మార్చాం. తుప్పు గీకి రెడాక్సైడు, పైన రంగు వేశాం. గోనెపట్టా మళ్లీ వేయలేదు. ఏఎన్ఎం అమ్మాయి తన రిజిస్టరు చూసి ఆ బిడ్డకి కొత్త కార్డు రాసిచ్చింది.

మిగిలింది ఆ అన్న దగ్గరికి వెళ్లడం. ఇంటికెళ్లి చాటుగా చెప్పేస్తే నాకు తేలిక. కానీ తిట్టింది పదిమందిలో. అందుకే ఆ ఆదివారం ప్రకటనల వేళ, అదే పదిమంది ముందు, రంధ్రం ఎవరు పెట్టారో చెప్పి క్షమించమన్నాను. ఆయన లేచి నిలబడలేదు, తల కూడా ఎత్తలేదు. మా ఇద్దరి మధ్యా ఇక ఎలా ఉంటుందో అనుకున్నాను.

ఆరాధన అయ్యాక బయట జిప్సీ చుట్టూ ఒకసారి తిరిగి, మూల కుట్టు మీద బొటనవేలు పెట్టి చూశాడు. "మైనం ఎండకి కరిగిపోయిందయ్యగారూ. వానలు వెనకపట్టాక ఒకరోజు బండి మా ఇంటి దగ్గర పెట్టండి, మళ్లీ రుద్దుతాను" అన్నాడు. ఈసారి కూలి తీసుకుంటేనే పెడతానన్నాను. "సరే, అయితే రెండొందలు" అన్నాడు.