గేర్ ఆయిల్ అడిగేముందు క్లచ్ ఏ ఆయిల్‌ల మునుగుతుందో చూడుండ్రి



"అన్నా, నా బండికి గేర్లు గట్టిగ పడుతున్నయ్, గేర్ ఆయిల్ ఏది పొయ్యాలె?" ఈ మాట నన్ను నెలకు ఇద్దరు ముగ్గురు తమ్ముళ్లు అడుగుతరు. ఐటీఐ అయినంక నారాయణపేటల ఒక షెడ్డుల నాలుగేండ్లు పనిచేసిన, ఇప్పుడు కూడా సెలవులల్ల పోతుంటా, అందుకే అడుగుతరు. వాళ్లు నా దగ్గరికి వచ్చేలోపే ఇంకో నలుగురు సలహా ఇచ్చి ఉంటరు. ఒకరు "90 పోయి" అంటరు. ఒకరు "కారు ఆయిల్ మంచిగుంటది, కంపెనీది" అంటరు. ఇంకొకరు ట్రాక్టరుకు తెచ్చిన ఆయిల్ మిగిలింది తీస్కపో అంటరు. అందరూ మంచి కోరే చెప్తరు. కానీ ఆ మంచి మాటకు క్లచ్ ప్లేట్లు పోతే ఖర్చు మనదే.

మన తండాలల్ల ఎక్కువ బండ్లు సెకండ్ హ్యాండువే. బాపు పూణెలనో ముంబైలనో సైటు మీద పనిచేసి పంపిన పైసలతోని కొన్నవి. కాలేజీకి అదే, ఎరువు బస్తాకు అదే, అర్ధరాత్రి యాడికి పానం బాగ లేకుంటే దవాఖానకు కూడా అదే. అట్లాంటి బండికి ఏ ఆయిల్ పొయ్యాలెనో తెలవకుండ ఎట్ల?

ముందు ఒక సంగతి. స్ప్లెండర్, షైన్, ప్లాటినా, పల్సర్, ఇట్లాంటి మన బండ్లకు "గేర్ ఆయిల్" అని వేరే ఉండదు. ఇంజన్, క్లచ్, గేర్ బాక్స్ మూడూ ఒకే ఇంట్ల ఉంటయ్, ఒకటే ఆయిల్ తాగుతయ్. ఇంజన్ ఆయిల్ మారిస్తే గేర్ ఆయిల్ కూడా మారినట్టే. పిస్టన్ దగ్గర మంటల వేడిని అదే తట్టుకోవాలె, గేర్ల పండ్ల మధ్య నలగాలె, క్లచ్ ప్లేట్లను మాత్రం జారనియ్యొద్దు. ఈ మూడో పని కాడనే అసలు పేచీ.

కారుల క్లచ్ పొడిగ, ఆయిల్‌కు దూరంగ ఉంటది. అందుకే కారు ఆయిల్‌ల రాపిడి తగ్గించే మందులు కలుపుతరు, పెట్రోలు ఆదా అయితదని. మన బండి క్లచ్ ఆయిల్‌ల మునిగి ఉంటది. ప్లేట్లు ఒకదానినొకటి గట్టిగ పట్టుకుంటేనే బండి కదులుతది. రాపిడి తగ్గించే ఆయిల్ అక్కడ పోస్తే ప్లేట్లు జారుతయ్. కారు ఆయిళ్లు ఆ దారి పడుతున్నయనే జపాన్ వాళ్లు 1998ల మోటార్ సైకిళ్ల కోసం జాసో టీ 903 అనే ప్రమాణం తెచ్చిండ్రు. డబ్బా వెనుక చిన్న పెట్టెల "జాసో ఎంఏ" అని ఉంటే తడి క్లచ్‌కు పనికొస్తది. 2006ల దాన్ని ఎంఏ1, ఎంఏ2 అని ఇంకా విడగొట్టిండ్రు, ఎంఏ2 పట్టు ఎక్కువ. "ఎంబీ" అని ఉంటే రాపిడి తక్కువ ఆయిల్, అది గేర్లు లేని స్కూటర్లకు. డబ్బా మీద బొమ్మ, ధర, సింథటిక్ అనే పెద్దక్షరాలు అన్నిటికన్నా ముందు నేను ఈ రెండక్షరాలు చూస్త.

మా కాకా కొడుకు సంగతి చెప్త. దామరగిద్ద దిక్కు నుంచి రోజూ డిగ్రీ కాలేజీకి వస్తడు. పోయినేడు వానాకాలం, చడావు ఎక్కేటప్పుడు ఇంజన్ మొత్తుకుంటది గాని బండి ముందుకు పోదు. ఎనుక ఎవరన్నా కూసుంటే ఇంకా కష్టం. ఒక దగ్గర చూపిస్తే క్లచ్ ప్లేట్లు అయిపోయినయ్, మొత్తం సెట్టు మార్చాలె అన్నరు. రెండు మూడు రోజుల కూలి అది. నేను వాన్ని అడిగింది ఒకటే, "ఆయిల్ ఎప్పుడు మార్పించినవ్?" వారం కింద, దారి మీద, డ్రమ్ముల నుంచి కొట్టిచ్చిన లూజు ఆయిల్. ఏ ఆయిలో పోసినోనికీ తెల్వదు, వీనికీ తెల్వదు.

ముందు క్లచ్ వైరు చూసినం. లివర్ కాడ 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఆట ఉండాలె, అది సరిగనే ఉంది. బండి వేడి చేసి ఆయిల్ మొత్తం కిందికి వదిలినం, మాన్యువల్‌ల చెప్పిన 10డబ్ల్యూ-30 ఎంఏ ఆయిల్ పోసినం. 200 కిలోమీటర్లు నడిపి అది కూడా తీసేసి మళ్ల పోసినం, ప్లేట్లల్ల నానిన పాతది కడుక్కపోవాలె గదా. రెండో ఆయిల్ తర్వాత జారుడు ఆగింది. అన్నిసార్లు ఇట్లనే అయితదని చెప్ప. జారుకుంట చానా రోజులు నడిపితే ప్లేట్లు మాడిపోతయ్, అప్పుడు మార్చుడే. కానీ ప్లేట్లు మార్చేముందు ఆయిల్ సంగతి అడగని మెకానిక్‌ను మీరే అడుగుండ్రి.

ఇంక ఆ 90 సంగతి. 40 కన్నా 90 రెండింతల కన్నా చిక్కగ ఉంటదని మనోళ్ల లెక్క. గేర్ ఆయిల్ నంబర్లు ఒక కొలత, ఇంజన్ ఆయిల్ నంబర్లు ఇంకో కొలత. వంద డిగ్రీల వేడి మీద కొలిస్తే గేర్ 90, ఇంజన్ 40-50 దాదాపు ఒకటే చిక్కదనం. తేడా లోపల కలిపిన మందులది. ఈపీ 90 మూత తీస్తే గబ్బు వాసన వస్తది చూడుండ్రి, అది గంధకం, భాస్వరం మందులది. జీపు ఎనుక యాక్సిల్‌ల క్రౌను, పినియన్ ఒకదాని మీద ఒకటి గట్టిగ ఒత్తుకుంట జారుతయ్. ఆ ఒత్తిడికి మామూలు ఆయిల్ పొర తెగుతది. అప్పుడు ఈ మందులు ఇనుము మీద ఒక పొర కట్టి కాపాడుతయ్. జీఎల్-5 అనేది దానికే. జీఎల్-4ల ఈ మందు దాదాపు సగమే ఉంటది. పాత గేర్ బాక్సులల్ల ఇత్తడి, కంచు బుష్షులు ఉంటే జీఎల్-5ల గంధకం వాటిని తినే ప్రమాదం ఉంది, అందుకే అక్కడ జీఎల్-4 అంటరు. చైను లేకుండ షాఫ్టు మీద నడిచే పెద్ద పెద్ద విదేశీ బండ్లకు ఎనుక చక్రం కాడ ఇట్లాంటి గేర్లే ఉంటయ్, వాటికి ఈ జాతి ఆయిలే. మన తండాల ఎవరికన్నా అట్లాంటి బండి ఉంటే నాకు చెప్పుండ్రి, చూడనీకి వస్త.

ఆర్ఎక్స్ 100 ఉన్నోళ్లు ఒక్కసారి ఆగుండ్రి. అది టూ స్ట్రోక్, పెట్రోలుతోని కాలే 2టీ ఆయిల్ వేరు, గేర్ బాక్సు ఆయిల్ వేరు. వేరుగ ఉంది గదా అని కొందరు అందుల 90 పోస్తరు. కానీ దాని క్లచ్ గేర్ బాక్సు ఆయిల్‌లనే మునుగుతది. కాబట్టి అక్కడ కూడా తడి క్లచ్‌కు సరిపోయే ఇంజన్ ఆయిల్ జాతిదే పొయ్యాలె. పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ లెక్క వేరు, దాంట్ల క్లచ్ ఒక కేసుల, గేర్ బాక్సు ఇంకో కేసుల. అందుకే నేను బండి పేరు తర్వాత అడుగుత, క్లచ్ ఎక్కడుందో ముందు చూస్త. కొత్త యూసీఈ ఇంజన్ బుల్లెట్లు మళ్ల మన స్ప్లెండర్ లెక్కనే, అన్నిటికీ ఒకటే ఆయిల్.

స్కూటర్ల ఇండ్లల్ల ఎక్కువ మంది మరిచేది ఒకటుంది. అక్కలు, చెల్లెండ్లు కాలేజీకి, ఆఫీసుకు తీస్కపోయే యాక్టివా లాంటి బండ్లకు ఎనుక చక్రం కాడ చిన్న గేర్ల డబ్బా ఉంటది. దాని ఆయిల్ వేరు, వంద మిల్లీలీటర్లకు కొంచెం అటు ఇటు, చాయ్ గ్లాసంత. ఇంజన్ ఆయిల్ మారుస్తరు, దీన్ని ఏండ్లకేండ్లు ముట్టరు. ఎనుక నుంచి గుయ్యిమని సప్పుడు వస్తే బేరింగు అనుకుంటరు. కొన్ని కంపెనీలు ఇంజన్ ఆయిల్‌నే పొయ్యమంటయ్, కొన్ని 80డబ్ల్యూ-90 గేర్ ఆయిల్ అంటయ్, మాన్యువల్ చూసే పొయ్యాలె. ఎక్కువ పోస్తే బలం రాదు. సీలు దాటి ఎనుక బ్రేకు లైనర్ మీదికి కారే అవకాశం ఉంది, బ్రేకు పడదు. వాగుల నీళ్లు ఎక్కిన బండి అయితే ఒకసారి విప్పి చూపియ్యుండ్రి, పాల లెక్క తెల్లగ వస్తే నీళ్లు కలిసినట్టే.

గేర్లు గట్టిగ పడుడుకు ఆయిల్ పాతబడుడు కూడా ఒక కారణమే. గేర్ పండ్లు ఆయిల్‌ను నలిపి నలిపి పలుచన చేస్తయ్. పోసిన కొత్తల మెత్తగ పడి, కొన్ని వేల కిలోమీటర్లకు మళ్ల గట్టిగయితే బండి చెప్తున్నట్టే. మన దిక్కు ఎండ 40 దాటుతది గదా, చిక్కటిది పోస్తే మంచిది గదా అంటరు. 10డబ్ల్యూ-30ల ఆ 30 అనేదే వంద డిగ్రీల కాడ కొలిచింది. మన ఎండ దానికి లెక్కల లేదు. పాత పల్సర్‌కు 20డబ్ల్యూ-50 అని కంపెనీ చెప్తే అదే పొయ్యాలె, స్ప్లెండర్‌కు అది పోసి మైలేజీ తగ్గిందని బాధపడొద్దు.

ఇంక 90 ఆయిల్ మన బండ్లకు నిజంగ పనికొచ్చే జాగా చైను. మన చేనుబాటల దుమ్ము మీద చైను తొందరగ అరుగుతది. కిరోసిన్ గుడ్డతోని తుడిచి, బండి కొంచెం నడిపినంక చైను వెచ్చగ ఉన్నప్పుడు లోపలి దిక్కు నుంచి 90 చుక్క చుక్క వేసి, కొంచెం సేపు ఆగి పైది తుడిచెయ్యాలె. తడిగ వదిలితే దుమ్మంతా దానికే అంటుకుంటది. ఇంజన్ నడుస్తుంటే గుడ్డ పట్టొద్దు, వేళ్లు పోతయ్. ఇంజన్ నుంచి తీసిన నల్ల ఆయిల్ చైనుకు వేసేటోళ్లు చానా మంది, దాంట్ల ఇనుప పొడి, మసి ఉంటయ్, చైనును అదే అరగదీస్తది. ఆ నల్ల ఆయిల్ బోరు కాడనో బాయి కాడనో పారబొయ్యకుండ్రి, డబ్బాల పోసి షెడ్డుల ఇస్తే పాత ఆయిల్ కొనేటోళ్లకు వేస్తరు. కొత్త డబ్బా మాత్రం మీ కండ్ల ముందట సీలు తీపిచ్చుండ్రి, ఖాళీ డబ్బా ఇంటికి తెచ్చుకొని దాని మీద తేదీ, కిలోమీటర్లు రాసి పెట్టుకోండ్రి.