మస్తరు వేళ

పిల్లల్ని బడికి పంపే పొద్దుట ఇంట్లో గొడవ లేకుండా ఎలా అని మొన్న స్టాఫ్‌రూమ్‌లో మాటొచ్చింది. రాత్రే బ్యాగు సర్దాలి, బట్టలు తీసి పెట్టాలి, పావుగంట ముందు లేపాలి, అరవకూడదు. అన్నీ మంచి సలహాలే. నేను నోరు విప్పలేదు. యూనిఫాం చొక్కా జేబు మీద సిరా మరక ఉందని ఆ పొద్దున్నే నా కూతురి మీద అరిచి వచ్చాను.

మా అమ్మ భీమిలి వీధులు ఊడ్చేది. అయిదింటికి మస్తరు. నాలుగున్నరకే వెళ్ళిపోయేది. కాస్త ఆలస్యమైతే ఆ రోజు కూలి పోయినట్టే. గిన్నెలో చద్దన్నం, పక్కన ఉల్లిపాయ. "తమ్ముడికి మొఖం కడుగు. తినీసి ఎల్లండి, ఒట్టి కడుపుతో ఎల్లకండి" అని సగం నిద్రలో ఉన్న నాకు చెప్పి తలుపు దగ్గరగా వేసేది. ఇంట్లో గడియారం లేదు. పక్కింటి రేడియోలో వార్తలు మొదలైతే లేచేదాన్ని. మా పొద్దుట చాలా ప్రశాంతం. అరవడానికైనా ఇంట్లో మనిషుండాలి కదా.

బడికి ఆలస్యమైతే ఎండలో నిలబెట్టేవారు. అది అందరికీ ఉన్నదే. ఒకరోజు లైన్లో గోళ్ళు చూస్తూ వచ్చిన టీచరు నా దగ్గర ఒక అడుగు వెనక్కి వేసింది. "ఊరంతా ఊడ్చే మీ అమ్మకి నీ తల దువ్వే తీరిక లేదా?" అంది. పిల్లలు నవ్వారు. ఆవిడ నడిచొచ్చిన రోడ్డు ఎవరు ఊడ్చారో ఇప్పుడైతే అడుగుతాను. ఎనిమిదేళ్ళప్పుడు అడగలేకపోయాను. ఆ రాత్రి నుంచి ఉతికిన రిబ్బన్లు దిండు కింద పెట్టుకుని పడుకున్నాను.

ప్రబంధాల అష్టాదశ వర్ణనల్లో సూర్యోదయం ఒకటని తర్వాత పిహెచ్.డి. రోజుల్లో చదువుకున్నాను. తామరలు విచ్చుతాయి, చక్రవాకాలు కలుస్తాయి. నేను చదివినవాటిలో చీపురు చప్పుడు మాత్రం వినపడలేదు.

ఇవాళ్టికీ భీమిలి నుంచి పొద్దున్నే 900కె బస్సెక్కి విశాఖ ఫ్లాట్లలో పనికి వెళ్ళే ఆడవాళ్ళున్నారు. వాళ్ళ చేతులు ఆ ఇళ్ళ పిల్లల టిఫిన్ బాక్సులు కడుతున్న వేళకి వాళ్ళ పిల్లలు ఎవరికి వాళ్ళే లేస్తున్నారు. ఏ తల్లికి ఎంత ఓపికుందో తర్వాత మాట్లాడుకుందాం, ఆ గంటలో ఆమె ఎవరింట్లో ఉందో ముందు చూడాలి. తమిళనాడు 2022 సెప్టెంబరులో ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో పొద్దుటి టిఫిన్ మొదలుపెట్టింది. మన దగ్గర 2023 మార్చిలో వారానికి 3 రోజులు రాగిజావ వచ్చింది. రోజూ టిఫినే కావాలని అడగాలి. మధ్యాహ్న భోజనం వంటపనిలో దళితులకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004లో చెప్పింది, పొద్దుటి వంటకీ అది ఉండాలి. చిన్నపిల్లలున్న పారిశుద్ధ్య కార్మికుల మస్తరు వేళ గురించి కూడా సంఘాలు పట్టుబట్టాలి.

సాయంత్రం అమ్మకి నా అరుపుల సంగతి చెప్పాను. చొక్కా తెమ్మని, మరక మీద వేలు పెట్టి రాసి చూసింది.

"సిరాయే కదే. సదువుకున్న పిల్లకి సిరా అంటకుండా ఉంటాదేటి?"

మర్నాడు ఆ చొక్కాతోనే పంపాను. అరవలేదు. కానీ బడి గేటు దగ్గర, టీచరు చూపు ఆ జేబు దాటేదాకా నిలబడే ఉన్నాను.